భానోజీరావు గారి చేవ్రాలు

కొంగలేరు జలాశయానికి పన్నెండు గేట్లు. పన్నెండింటినీ ఎత్తడానికి ఒక్క మీట చాలు. ఆ మీట నొక్కమని కాగితం మీద రాసి కింద సంతకం పెట్టడానికే మనిషి కరువయ్యాడు.

భానోజీరావు గారు ఉన్నన్నాళ్ళూ ఆ బాధ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే డ్యాము, అదే కుర్చీ. ప్రమోషన్లు వెతుక్కుంటూ వచ్చినా వద్దన్న మనిషి. నాలుగేళ్ళ క్రితం, రిటైర్మెంటు ఇంకో నెల ఉందనగా, మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో వెనక్కి వాలి మరి లేవలేదు. తరువాతి రెండేళ్ళలో ఆ కుర్చీలోకి నలుగురు ఇంజనీర్లని వేశారు. మొదటాయన మబ్బు పట్టిందంటే చాలు, పంటినొప్పని సెలవు చీటీ పంపేవాడు. రెండో ఆయన పైవాళ్ళకి రాశాడు, పైవాళ్ళు తిరిగి ఆయనకే రాశారు. ఆ ఉత్తరాలు అటూ ఇటూ నడుస్తుండగానే తొమ్మిది గంటలు గడిచి, ఎడమగట్టు తెగి, పదకొండూళ్ళ వరి మీద ఇసుక మేట వేసింది. మూడో ఆయన సంతకం పెట్టాడు గానీ, విచారణలో అది తనది కానే కాదన్నాడు. నాలుగో ఆయన అసలు చేరనే లేదు. పాపం, వాళ్ళని అనడానికీ లేదు లెండి. ఎత్తితే కింద మునిగినవాళ్ళు తిడతారు, ఎత్తకపోతే పైన మునిగినవాళ్ళు తిడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు పడ్డా పడేది సంతకం పెట్టినవాడే.

అప్పుడు శాఖ పెద్దలకి ఒక గొప్ప ఆలోచన తట్టింది. మనిషి పోతే పోయాడు, ఆయన చేసిన నిర్ణయాలన్నీ బీరువాల్లో భద్రంగా ఉన్నాయి కదా!

కాకినాడలో మనుషుల చేతిరాతని చదివే యంత్రాల మీద పనిచేసే ప్రయోగశాల ఒకటి ఉంది. శాఖవాళ్ళు వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళారు. దాని అధిపతి నీలవేణి, భానోజీరావు గారి ఒక్కగానొక్క కూతురని వాళ్ళకి వెళ్ళాక గానీ తెలియలేదు. తెలిశాక మొహమాటపడి, పోనీ ఇంకెవరికైనా అప్పగించమంటారా అని నసిగారు.

"నేనే చేస్తాను," అంది నీలవేణి, వాళ్ళ మాట పూర్తి కాకుండానే.

ఎందుకు చేస్తానందో ఆమెకి బాగా తెలుసు. నాన్న ఆమెకి ఎప్పుడూ పూర్తిగా దొరకలేదు. వారానికి ఆరు రోజులు డ్యాముకి దొరికేవాడు, ఏడో రోజు నిద్రకి దొరికేవాడు. వానాకాలం వచ్చిందంటే ఇంట్లో ఉన్నా ఫోనుకే దొరికేవాడు. ముందుగదిలో స్టూలు మీద నల్ల ఫోను ఉండేది. నాన్న తలుపు దగ్గరగా వేసుకుని, గొంతు తగ్గించి, అరగంట, ముప్పావుగంట ఎవరితోనో మాట్లాడేవాడు. నోట్సు పుస్తకంలో సంతకం కోసమో, కొత్త గౌను చూపించడానికో నీలవేణి గుమ్మంలో నిలబడి ఉండేది. తలుపు సందులోంచి ఆయన నవ్వు వినబడేది. తనతో అలా నవ్వేవాడు కాదు. ఆ నల్ల ఫోనుని ఒకసారి మంచం కింద దాచేసి దెబ్బలు కూడా తింది. మనిషి పోయాక ఆ అరగంటలే ఎక్కువ గుర్తొచ్చేవి.

నూట అరవై అట్టపెట్టెలు లారీలో దిగాయి. మొదటి పెట్టె విప్పగానే పాత కాగితాల వాసనలో ఎక్కడో నాన్న పీల్చే నశ్యం ఘాటు తగిలింది. నీలవేణి గది తలుపు వేసుకుని కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి పని మొదలుపెట్టింది.

అక్షరాలు చదవడం పెద్ద పనేం కాదు. ఆఫీసంతా ఇంగ్లీషులో గిలికితే ఆయన ఒక్కడే తెలుగులో, అధికారుల ఆకుపచ్చ సిరాతో, గుండ్రంగా రాసేవాడు. అసలు పని అక్షరాల కింద ఉంది. కాగితాన్ని ఏటవాలు వెలుగులో పెడితే కలం ఎక్కడ గట్టిగా నొక్కిందో, ఎక్కడ తేలిపోయిందో, ఏ మాట ముందు ఆగితే సిరా చుక్కగా ఊరిందో కనిపిస్తుంది. చుక్క పెద్దదైతే ఎక్కువసేపు ఆగినట్టు. ఆ రోజు నీటిమట్టమెంత, వానెంత అన్నది పక్కన పెట్టి చూస్తే, ఆ మనిషి దేనికి జంకాడో దేనికి తెగించాడో బోధపడుతుంది. అలా పధ్నాలుగు వేల రాతలు యంత్రం చేత తాగించారు. చివరికి బియ్యం డబ్బా అంత పెట్టె ఒకటి తయారైంది. దానికి ఒక ఇత్తడి చెయ్యి, చేతిలో ఆకుపచ్చ కలం. ప్రతిపాదన కాగితం కింద పెడితే చెయ్యి కదిలి, అచ్చం భానోజీరావు గారి రాతలో జవాబు రాసి సంతకం పెట్టేది. ఎవరో సరదాకి 'చేవ్రాలు' అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది.

తయారవుతున్న రోజుల్లోనే ఒక చిన్న చిక్కు వచ్చింది. నీలవేణి దగ్గర పనిచేసే ఇబ్రహీం ఒక కట్ట పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, ఈ చీటీలేం చెయ్యమంటారు? నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. అన్నింటి మీదా ఒకటే మాట."

ఫైలు మూలన గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ. దాని మీద 'మాట్లాడండి' అని ఉంది, కింద పొట్టి సంతకం. సర్కారీ ఆఫీసులు తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కాగితం మీద పెట్టడం ఇష్టం లేని సంగతేదైనా ఉంటే అధికారి ఆ ఒక్క మాట రాసి ఫైలు వెనక్కి పంపుతాడు. కిందివాడు ఫైలు చంకన పెట్టుకుని లోపలికి వెళ్తాడు. లోపల ఏం మాట్లాడుకున్నారన్నది గోడలకే తెలుస్తుంది. రేపు విచారణ వచ్చినా పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

"పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ ఇది ఉంది మేడమ్," అన్నాడు ఇబ్రహీం. "ముందు 'మాట్లాడండి' అంటారు. గంటకో రెండు గంటలకో 'సరే, ఎత్తండి' అని రాస్తారు. మధ్యలో ఏమైందో ఎక్కడా లేదు. పెట్టె అక్కడే ఇరుక్కుపోతోంది."

"అది ఆఫీసు అలవాటయ్యా, నిర్ణయం కాదు. తీసెయ్యండి."

ఏ మార్పయినా లిఖితపూర్వకంగా ఉండాలని ప్రయోగశాల నియమం. 'చీటీలను లెక్కలోకి తీసుకోనవసరం లేదు' అని ఇబ్రహీం రాసుకొచ్చిన కాగితం మీద నీలవేణి సంతకం చేసింది. అర నిమిషం కూడా పట్టలేదు.

నిరుడు వానాకాలంలో చేవ్రాలు డ్యాము మీద కుర్చీ ఎక్కింది. మూడు వరదలు వచ్చాయి. మూడింటికీ గేట్లు చెప్పిన నిమిషానికి లేచాయి. 'భానోజీరావు మళ్ళీ వచ్చారు', 'పెట్టెలో పెద్దాయన బుర్ర' అని పేపర్లు ఊదరగొట్టాయి. ఇక ఇంజనీరెందుకని ఆ ఉద్యోగమే రద్దు చేశారు. అందరికన్నా ఎక్కువ సంతోషించింది చీఫ్ ఇంజనీరు గోవర్ధనం గారు. "హాయిగా ఉందమ్మా! విచారణకి పిలిస్తే ఆ పెట్టెనే బోనెక్కించమంటాను," అని పగలబడి నవ్వాడు. సంవత్సరాంతం నివేదికలో ఒక వాక్యం ఉంది. 'నష్టం: చింతావారి లంక వద్ద ఒకరు గల్లంతు. వ్యవస్థ పనితీరు సంతృప్తికరం.' దాని కింద కూడా నీలవేణి సంతకమే ఉంది.

ఇంట్లో మాత్రం ఆ పెట్టె గురించి ఒక్క మాట కూడా రాదు. నీలవేణి తల్లి రత్నమాణిక్యమ్మ దాన్ని చూడటానికి రానంది. రమ్మని రెండుసార్లు అడిగితే, "నేనెందుకే? నాకేం గేట్లున్నాయా ఎత్తడానికి?" అని కొట్టిపారేసింది.

ఈ మాఘమాసంలో ఆయన తద్దినం పెట్టారు. భోక్తలు భోంచేసి వెళ్ళాక, నీలవేణి ఉండబట్టలేక సంచిలోంచి ఒక కాగితం తీసి తల్లి చేతిలో పెట్టింది. చేవ్రాలు రాసిన ఆజ్ఞ అది. రత్నమాణిక్యమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. వేలితో సంతకాన్ని నెమ్మదిగా నిమిరింది.

"రాత ఆయనదే," అంది. కళ్ళు తుడుచుకుంది. "మనిషి ఆయన కాదే."

"అదేంటమ్మా?"

"మీ నాన్న ఒక్క ముక్కలో ఎప్పుడు తేల్చాడే? ఉప్మా చెయ్యనా, అట్టు పొయ్యనా అన్నా 'ఉండవోయ్, కనుక్కుని చెప్తా' అనేవాడు. ఎవర్ని కనుక్కుంటాడో, ఏమో! ఇదేంటి, అడగ్గానే సరే అనేసింది?"

నీలవేణికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. తీసి పక్కన పెట్టించిన నాలుగు వందల పన్నెండు చీటీలు అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి. అవీ నాన్న రాసినవే. అవి లేకుండా నాన్నని సగమే కట్టించుకున్నట్టు అనిపించింది. మర్నాటి నుంచి ఒక్కొక్కటే యంత్రానికి తిరిగి చదివించింది. శాఖకి చెప్పలేదు. చెప్పడానికి కారణం కూడా లేదు. ఆమెకి నాన్న కావాలి, అంతే.

శ్రావణమాసం రెండో గురువారం. ఎగువన కొండల్లో మూడు రోజులుగా తెరిపి లేని వాన. నీలవేణి పొద్దున్నే డ్యాముకి వచ్చేసింది. మధ్యాహ్నం ఒంటిగంటకి మట్టం నూట డెబ్బై మూడు అడుగులు దాటింది. నూట డెబ్బై అయిదు దాటితే డ్యాముకే ముప్పు. గంటకి అడుగున్నర చొప్పున పెరుగుతోంది. గేట్ల ఆపరేటరు లోవరాజు నియమం ప్రకారం ప్రతిపాదన కాగితం చేవ్రాలు కింద పెట్టాడు. 'పన్నెండు గేట్లూ ఎత్తుటకు అనుమతి కోరడమైనది.'

ఇత్తడి చెయ్యి లేచింది. కలం కాగితానికి ఆని ఆగింది. చుక్క ఊరింది. కందిగింజంత అయ్యేదాకా ఊరుతూనే ఉంది. తరువాత గుండ్రటి ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

'మాట్లాడండి.'

లోవరాజు ఇరవై రెండేళ్ళు భానోజీరావు గారి దగ్గర పనిచేసినవాడు. చటుక్కున లేచి నిలబడి, తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. "అయ్యగారేనండి," అన్నాడు.

గోడమీద తెరలో గోవర్ధనం గారు ప్రత్యక్షమయ్యాడు. "ఏంటమ్మా ఆలస్యం? గేట్లేవీ?"

"మాట్లాడమంటోంది సార్."

"ఎవరితో? పెట్టెతో మాట్లాడేదేంటి, నా తలకాయ! ఇంకోసారి పెట్టండి."

ఇంకోసారి పెట్టారు. అదే మాట వచ్చింది. మూడోసారీ అదే. ఈసారి కలం ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది.

"చెడిపోయింది," అన్నాడు గోవర్ధనం గారు. "నిరుటి పెట్టె ఉందా? అది పెట్టి కానిచ్చెయ్యి."

ఉంది. నిరుటి ప్రతి పక్కనే ఉంది. దాన్ని తగిలిస్తే నిమిషంలో 'సరే, ఎత్తండి' అని రాసిస్తుంది. నీలవేణి చెయ్యి దానిమీదకి పోయి ఆగిపోయింది. చిరిగిన కాగితం మీద ఆ మాట పచ్చగా, తడిగా ఉంది.

"లోవరాజు గారూ, నాన్న ఇలా రాస్తే మీరు ఏం చేసేవారు?"

"ఫైలట్టుకుని లోపలికెళ్ళేవాణ్ణండి. ఆయనేమో ఓ నిమిషం నాతో మాట్లాడి, ఇక బయట కూచోవయ్యా అనేవారు. తలుపేసుకుని ఫోనందుకునేవారండి. ముప్పావుగంటకి బయటికొచ్చి సంతకం పెట్టేవారు."

"ఫోను ఎవరికి?"

"ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికుందండీ?"

నీలవేణికి నల్ల ఫోను, దగ్గరగా వేసిన తలుపు, ఆ నవ్వు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"అమ్మా, వానలప్పుడు నాన్న ఎవరితో మాట్లాడేవాడు?"

"ఇంకెవరు, దొరయ్యతో," అంది రత్నమాణిక్యమ్మ, అదేదో లోకమంతటికీ తెలిసిన సంగతైనట్టు. "డ్యాము దిగువన చింతావారి లంక రేవులో పడవ నడుపుతాడు. మొదట్లో రేవు దగ్గర కొట్టు ఫోనుకి చేసి పిలిపించేవాడు, తరువాత మీ నాన్నే అతనికి సెల్లు కూడా కొనిచ్చాడు. పంచాంగం చేత్తో పట్టుకుని కూచునేవాడు. రేపేంటి, ఎల్లుండేంటి, ఏటి మధ్య లంకలోకి ఎంతమంది వెళ్ళారు, గొడ్లు ఏ ఒడ్డునున్నాయి, అన్నీ అడిగేవాడు. నంబరు పంచాంగం వెనకట్ట మీద ఉంటుంది, ఉండు."

చింతావారి లంక. ఆ పేరు ఎక్కడ చదివిందో నీలవేణికి అప్పుడే గుర్తొచ్చింది. తను సంతకం పెట్టిన నిరుటి నివేదికలో. తల్లి చెప్పిన అంకెలు అరచేతిలో రాసుకుని నొక్కింది. అవతల రెండుసార్లు మోగగానే ఎత్తారు. గాలి, నీళ్ళ చప్పుడు.

"సారు గోరా?" అంది ఒక ఆడగొంతు, నమ్మలేనట్టు.

"కాదమ్మా. నేను వారి అమ్మాయిని. దొరయ్య గారున్నారా?"

"మా అయ్య లేడండి. నిరుడు నీళ్ళల్లో పోయాడు. నేను ఆయన కూతుర్ని, మంగతాయారుని. పడవ నేనే ఏత్తన్నాను. సెప్పండి."

నీలవేణి కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. ఏడవడానికి ఇప్పుడు వ్యవధి లేదు. "తాయారూ, డ్యాములోకి పెద్ద వరద వస్తోంది. గేట్లన్నీ ఎత్తాలి. లంకలో ఎవరైనా ఉన్నారా?"

"అయ్యో రాత! ముప్ఫైనలుగురున్నారండి, అందరూ ఆడోళ్ళే! రేపు సావణ సుక్కురారం గదండీ, పూలు కోయడానికెళ్ళారు. ఇక్కడ ఎండ మాడిపోతంది, నీళ్ళొత్తాయని ఎవరనుకుంటారండి?"

"సైరన్ వెయ్యలేదా?"

"ఆ కూత రోజూ కూత్తానే ఉంటాదండి. దాన్నెవరు ఇంటారు!"

గేట్లు ఎత్తితే పావుగంటలో ఉరవడి లంకని తాకుతుంది. ఉన్నది ఒక్క పడవ. రెండు విడతలుగా దాటించాలి.

"ఎంతసేపు పడుతుంది?"

"గంటండి. ఇంకో పది నిమిషాలేసుకోండి."

"అంతసేపు ఒక్క గేటు కూడా ఎత్తకుండా ఆపలేనమ్మా."

"మూడెత్తండి," అంది మంగతాయారు, తడుముకోకుండా. "మూడైతే పడవ తట్టుకుంటాదండి. నాలుగోది ఎత్తారంటే రేవు దగ్గర సుడి తిరుగుతాది. మా అయ్య సెప్పేవాడు, సారు గోరికి కూడా ఇదే సెప్పేవాడు."

నీలవేణి లోవరాజు వైపు చూసింది. అతను వేళ్ళమీద లెక్కపెట్టాడు. "మూడు తీస్తే గంటకి అడుగు పెరుగుద్దండి. గంటా పది నిమిషాలకి నూట డెబ్బై నాలుగూ పావు దాటుద్ది. ఎగువన మరీ మీద పడకపోతే ఆగొచ్చు."

"మరీ మీద పడితే?" అని తెరలోంచి అరిచాడు గోవర్ధనం గారు. "నిబంధనల్లో పన్నెండని ఉంది! ముప్ఫైమంది కోసం డ్యాముని పణం పెడతావా? డ్యాము తెగితే ముప్ఫై ఊళ్ళు! అయినా సంతకం పెట్టడానికి నీకు అధికారమెక్కడిది?"

"ఆ నిబంధనల్లోదే, తొమ్మిదో క్లాజు సార్. చేవ్రాలు పనిచెయ్యని పక్షంలో దాని నిర్వాహకురాలు సంతకం చెయ్యాలి. మీరే ఆమోదించారు."

ఆ క్లాజు చదివినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. పోనీ మీరు రాసివ్వండి సార్, పన్నెండూ ఎత్తుతాం అని లోవరాజు వినయంగా అన్నాడు. తెరలో ఆయన ఎవరో పిలిచినట్టు పక్కకి తిరిగాడు.

నీలవేణి కలం కోసం వెతుక్కుంది. చేతికి అందింది ఇత్తడి చేతిలోదే. దాన్ని లాక్కుని, నాన్న కుర్చీలో కూర్చుని, తెల్లకాగితం ముందుకి జరుపుకుంది. కలం ఆనింది గానీ కదలలేదు. తనది తప్పయితే ముప్ఫై ఊళ్ళు. గోవర్ధనం గారిది తప్పయితే ముప్ఫైనలుగురు ఆడవాళ్ళు. నాన్న ఈ కుర్చీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇలా ఎలా కూర్చున్నాడురా భగవంతుడా అనుకుంది. చూస్తుండగానే కలం కింద చుక్క ఊరి కందిగింజంత అయింది. అప్పుడు రాసింది. 'మూడు గేట్లు ఎత్తండి. మిగిలినవి చింతావారి లంక రేవు నుండి మంగతాయారు చెప్పిన తరువాత.' కింద తన పేరు పెట్టింది.

ఫోను పెట్టెయ్యలేదు. మంగతాయారు దాన్ని జాకెట్టులో దోపుకున్నట్టుంది. తెడ్డు చప్పుడు, రొప్పు, దూరంగా అరుపులు వినబడుతున్నాయి. "గంపలు పారెయ్యండే! పూలు పోతే పోయాయి, పేణాలు ముఖ్యం!" మొదటి విడత ఒడ్డు చేరింది. మట్టం నూట డెబ్బై మూడున్నర. పడవ మళ్ళీ లంకకి బయల్దేరింది. ఎవరో ముసలమ్మ మేక లేకుండా రానని మొండికేసింది. మంగతాయారు ఆమెని బండబూతులు తిట్టి, మేకతో సహా ఎక్కించింది. నూట డెబ్బై నాలుగు. లోవరాజు గోడ మీది అమ్మవారి పటానికి దణ్ణం పెడుతూనే ఉన్నాడు. నూట డెబ్బై నాలుగూ పావు. నూట డెబ్బై నాలుగున్నర. ఎగువన నిజంగానే మీద పడుతోంది.

"తాయారూ..."

"వచ్చేత్తన్నాం! ఇంకో పది బారలు!"

నీలవేణి నోట్లో చీర కొంగు కుక్కుకుంది.

"ఎక్కేసారండి గట్టు," అంది చివరికి మంగతాయారు, ఊపిరందక. "రెండుసార్లు లెక్కెట్టాను. ముప్ఫైనలుగురూ, మేకా. ఇక ఎత్తుకోండి."

తొమ్మిది గేట్లు ఒక్కసారి లేచాయి. గది అదిరింది. నూట డెబ్బై నాలుగూ ముప్పావు దగ్గర మట్టం చూపే ముల్లు ఆగి, కాసేపు అక్కడే వేళ్ళాడి, నెమ్మదిగా కిందకి దిగింది. లోవరాజు నేలమీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాలుగో రోజుకి వరద తీసింది. చెడిపోయిందని చేవ్రాలుని ప్రయోగశాలకి పంపేశారు. అక్కడ అందరూ భోజనాలకి వెళ్ళాక నీలవేణి దాని ముందు కూర్చుంది. ఒక కాగితం మీద తన చేత్తో రాసింది. 'నాన్నా, మీ చీటీలు తీసెయ్యమని సంతకం పెట్టింది నేనే. దానివల్ల దొరయ్య పోయాడు. నన్నేం చెయ్యమంటారు?' రాసి, ఇత్తడి చెయ్యి కింద పెట్టింది.

కలం ఆనింది. చుక్క ఊరింది. ఏదైనా ఒక్క మాట, పోనీ ఒక్క తిట్టు, ఇంట్లో పిలిచినట్టు 'అమ్మడూ' అని ఒక్క పిలుపు రాస్తే చాలుననుకుంది. పధ్నాలుగు వేల కాగితాల్లో ఆ పిలుపు ఒక్కసారి కూడా లేదని ఆమెకి తెలుసు. ఆమె కూతురని ఆ పెట్టెకి తెలియదు.

'మాట్లాడండి,' అని రాసి సంతకం పెట్టింది చేవ్రాలు.

మర్నాడు నీలవేణి చింతావారి లంక రేవుకి వెళ్ళింది. పడవ బోర్లించి ఉంది. మంగతాయారు నీరు కారకుండా దాని అడుక్కి నల్లటి కీలు పూస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి, మాట గట్టి. నీలవేణిని చూసి చేతులు కొంగుకి తుడుచుకుని, ఇంట్లోంచి ముక్కాలిపీట తెచ్చి వేసింది. నీలవేణి కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. చీటీలు, ఇబ్రహీం అడగడం, తను తీసెయ్యమనడం, అర నిమిషంలో సంతకం పెట్టడం, నివేదికలో 'సంతృప్తికరం' అని రాయడం. ఒక్కటీ దాచుకోలేదు.

మంగతాయారు కీలు డబ్బాకి మూత పెట్టి పక్కకి జరిపింది.

"సారు గోరు పోయాక మూడేళ్ళు మా అయ్య ఈ గట్టుమీదే పడుకునేవాడండి," అంది. "నీళ్ళు ఎప్పుడొత్తాయో అని కంటిమీద కునుకుండేది కాదు. నిరుడు పేపర్లో రాసారు గదండీ, సారు బుర్ర పెట్టెలో పెట్టారని. ఎవరో సదివి ఇనిపించారు. అప్పుడు ఇంట్లో పడుకున్నాడండి, నిచ్చింతగా. ఆ రోజు కూత ఏసారు. అందరం వచ్చెయ్యమన్నాం. 'సారు బుర్రయితే నాకు ఫోను సెయ్యకుండా నీళ్ళు ఒదులుతాదేటే?' అని నవ్వి, గేదె కోసం లంకలోకి ఎళ్ళాడండి. సెల్లు సేత్తో అట్టుకునే ఎళ్ళాడు. సెల్లు తరవాత గట్టున దొరికింది."

నీలవేణి అక్కడే ఇసుకలో కూలబడిపోయింది.

"నాకు మీమీద కోపం లేదని సెప్పలేనండి," అంది మంగతాయారు. "ఉంది. కానీ మొన్న ఫోను మోగితే ఏడుపొచ్చేసింది నాకు. సెల్లు రోజూ సార్జింగు ఎడతానే ఉన్నాను. ఎవరు సేత్తారని ఎట్టానో నాకే తెలీదు."

ఉన్నట్టుండి మంగతాయారే, "అమ్మడూ అంటే మీరేనాండి?" అని అడిగింది.

నీలవేణి తలెత్తింది.

"నీళ్ళ మాటలు పది నిమిషాలేనండి. ఆ తరవాతంతా ఇంటి మాటలే. నేను బడికెళ్తన్నానా, గేదె ఈనిందా అని ఆయన అడిగేవోరు. మా అయ్య మీ గురించి అడిగేవాడు. అన్నీ సెప్పేవోరంట. సివర్లో ఎప్పుడూ ఒకటే మాటంట. 'ఇక పెట్టేత్తాను దొరయ్యా, మా అమ్మడు గుమ్మంలో నిలబడింది. దానికి ఈ ఫోనంటే పడదు' అని నవ్వేవోరంట. మా అయ్య ఇంటికొచ్చి మాకు సెప్పి నవ్వేవాడు."

ఇన్నేళ్ళూ తలుపు సందులోంచి విన్న నవ్వు అది. నీలవేణి రెండు చేతులతో మంగతాయారు చెయ్యి పట్టేసుకుంది. "ఇంకా ఏం చెప్పేవారు? నా గురించి ఇంకా ఏమన్నారు తాయారూ?"

"ఏమోనండి," అంది మంగతాయారు, మెల్లగా. "మా అయ్య అన్నీ మాకు సెప్పేవాడు కాదు గదండీ. అదంతా మా అయ్యకే తెలుసు."

నీళ్ళు ఇంకా ఎర్రగానే పారుతున్నాయి. అవతల లంకలో వంగిపోయిన అరటిచెట్లు కనబడుతున్నాయి. నీలవేణి ఆ చెయ్యి వదలకుండా అలాగే కూర్చుంది. పొద్దు వాలాక మంగతాయారు లేచి, ఇంట్లోకి వెళ్ళి, పాత సెల్లుని ఛార్జింగుకి తగిలించి వచ్చింది.

"ఎల్లుండి పున్నం పండగ," అంది. "ఎవరూ లంకలోకెళ్ళరు. ఆదోరం మటుకు బీరకాయ కోత ఉంది. సనోరం ఓసారి ఫోను సెయ్యండి."